నాయన కువైట్ నుంచి తెచ్చిన జూమ్ కెమెరా: ఒక మినోల్టా 110 రిపేరు కేసు

పోయిన ఎండాకాలం, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు, కడపలో ఏడు రోడ్ల కూడలి మొత్తం ఎండకి ఖాళీ అయిపోయి మా కెమెరా రిపేరు షాపులో ఫ్యాను సౌండు తప్ప ఏం లేదు, అప్పుడొచ్చాడు ఒక పిలగాడు. చెన్నూరు వాళ్ళది. టవల్లో చుట్టుకొచ్చిన వస్తువు కౌంటర్ మీద పెట్టి "అన్నా, ఇది ఫొటో కెమెరానా వీడియో కెమెరానా, మాకు తెలీడంల్యా. మా నాయన కువైట్ నుంచి తెచ్చినాడు, ఇరవై ఏండ్లు బీరువాలో పండింది" అన్నాడు. టవల్ విప్పగానే గుర్తుపట్టా. వెడల్పుగా, బల్లపరుపుగా ఉండే బాడీ, ముందుకి పొడుచుకొచ్చిన లెన్స్. మినోల్టా 110 జూమ్ ఎస్ఎల్ఆర్, అంటే లెన్స్ లోంచి పడే బొమ్మనే కంటితో చూసి తీసే రకం. మా మామ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో ఒకటి చూశా, మళ్ళీ ఇన్నేళ్ళకి ఇదే.

తెలియనోళ్ళ కోసం కొంచెం చెప్తా. 1972లో కోడాక్ వాళ్ళు 110 అనే చిన్న ఫిల్మ్ తెచ్చారు, జేబులో పట్టే పాకెట్ ఇన్‌స్టమాటిక్ కెమెరాల కోసం. ఫిల్మ్ వెడల్పు 16 ఎంఎం, ప్లాస్టిక్ కాట్రిడ్జ్‌లో వస్తుంది, రోల్ ఎక్కించే పని లేదు రివైండ్ చేసే పని లేదు, కాట్రిడ్జ్ దూర్చి మూత వేస్తే అయిపోయింది. ఒక్కో ఫ్రేము 13 బై 17 ఎంఎం, అంటే మనకి తెలిసిన 35 ఎంఎం నెగటివ్‌లో దాదాపు నాలుగో వంతు. ఆ కెమెరాల్లో ఎక్కువ శాతం చవకరకం, ఒకటే లెన్స్, ఫోకస్ కూడా ఉండదు. దానికి ఎస్ఎల్ఆర్ చేసి జూమ్ లెన్స్ పెట్టింది మినోల్టా, 1976లో. 25 నుంచి 50 ఎంఎం, ఎఫ్ 4.5 (ఎఫ్ అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం కొలత, అంకె పెరిగితే రంధ్రం చిన్నది). 35 ఎంఎం లెక్కలో చెప్పాలంటే 50 నుంచి 100 అనుకోండి. 1978లో పెంటాక్స్ వాళ్ళు ఆటో 110 అని ఇంకా చిన్న ఎస్ఎల్ఆర్ తెచ్చారు, అది లెన్సులు మార్చుకునేది, దానికి 20-40 జూమ్ తర్వాత వచ్చింది. 1979లో మినోల్టానే మార్క్ 2 అని మామూలు ఎస్ఎల్ఆర్ ఆకారంలో 25-67 ఎఫ్ 3.5 జూమ్‌తో ఇంకోటి చేసింది, దాంట్లో మీటర్ లెన్స్ గుండానే వెలుగు కొలుస్తుంది. మొదటి దాంట్లో అట్ల కాదు, బాడీ ముందు వైపు వెలుగుని కొలిచే ఒక సీడీఎస్ సెల్ ఉంటుంది, అదే కన్ను. మన ఎండలకి నాకు ఆ మొదటిది ఇష్టం, ఎందుకో తర్వాత చెప్తా.

పిలగాడు చెప్పిన ప్రకారం బ్యాటరీలు కొత్తవి వేశారు, ఏం జరగలేదు, ఒక మొబైల్ షాపులో చూపిస్తే ఐసీ (లోపలి ఎలక్ట్రానిక్ చిప్) పోయింది, ఇంక పారేయండి అన్నారంట. మినోల్టా కంపెనీ 2006లోనే కెమెరాల నుంచి తప్పుకుంది, కాబట్టి నిజంగా ఐసీ పోయి ఉంటే స్పేర్ దొరికేది లేదు, ఇంకో చచ్చిన కెమెరా నుంచి పీక్కోవాల్సిందే. కానీ ఐసీ పోయింది అనేది అన్నీ చూసినాక చివర్లో అనాల్సిన మాట. మొట్టమొదట అనకూడదు.

ముందు చేసిన పని కెమెరాని తిప్పి వెనక కిటికీలో చూడటం. 110 కాట్రిడ్జ్ వెనక కాయితం మీద ఫ్రేము నంబరు ఉంటుంది, అది మూత కిటికీలోంచి కనపడుతుంది. 14 అని కనపడింది! అంటే లోపల ఫిల్మ్ ఉంది, సగం పైన తీసేసి ఉన్నారు. "దీన్ని తెరిచినారా ఎవరన్నా" అంటే "మా అక్క కొడుకు రెండు మూడు సార్లు తెరిచినాడన్నా" అన్నాడు భయంభయంగా. కంగారు పడొద్దని చెప్పా. 35 ఎంఎం అయితే వెనక తెరిస్తే తీసిన బొమ్మలన్నీ ఎండ పాలే, 110లో అట్ల కాదు, తీసినవి చుట్టుకుని కాట్రిడ్జ్‌కి అటు పక్క గదిలో ఉంటాయి, తీయనివి ఇటు పక్క గదిలో, బయటపడేది మధ్యలో ఉన్న ఒక్క ఫ్రేము, మహా అయితే దాని పక్కవి. ఒక పాత కెమెరా దొరికితే వెనక మూత తీసే ముందు ఆ కిటికీ చూడండి, ఇది బతిమాలి చెప్తున్నా.

కాట్రిడ్జ్ తీసి నల్ల కవర్‌లో చుట్టి పక్కన పెట్టా. తర్వాత కెమెరా. దీంట్లో ఒక మంచి ఏర్పాటు ఉంది, ఏ అనే ఆటో సెట్టింగ్‌తో పాటు ఎక్స్ అని ఒకటి, బి అని ఒకటి ఉంటాయి. బి మీద బటన్ నొక్కి పట్టినంతసేపు షట్టర్ తెరుచుకునే ఉంటుంది. ఎక్స్ మీద షట్టర్ బ్యాటరీ లేకుండానే సెకనులో 150వ వంతు కొడుతుంది. ఎక్స్ మీద పెట్టి నొక్కా, ఠక్ అని శుభ్రంగా కొట్టింది. పది సార్లు కొట్టించా, పది సార్లూ అదే సౌండు. ఏ మీద పెట్టి సగం నొక్కితే లోపల ఎల్ఈడీ ఒక్కటీ వెలగలేదు, బ్యాటరీ చెక్ లైటు కూడా లేదు. ఈ రెండు కలిపి చూస్తే లోపలి మెకానిజం బాగుంది, కరెంటు రావట్లేదు. ఐసీ దాకా కరెంటు పోతేనే కదా అది బతికిందో చచ్చిందో తెలిసేది.

బ్యాటరీ గదిలో ఎల్ఆర్ 44 సైజు బటన్ సెల్స్ రెండు పడతాయి. స్ప్రింగ్ చుట్టూ తెల్లగా ఉప్పు, అంచుల్లో పచ్చగా పేరుకుని ఉంది. ఆల్కలైన్ సెల్ కారితే వచ్చేది క్షారం, దాన్ని విరవాలంటే పులుపు కావాలి. ఇయర్ బడ్ మీద వెనిగర్ ఒక చుక్క, రుద్దడం, బుసబుస పొంగినాక ఇంకో బడ్, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రెండు సార్లు. తళతళా వచ్చింది. సెల్స్ వేశా. ఊహూఁ, అయినా లైట్ లేదు. మొబైల్ షాపులో కూడా ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయి ఉంటారని నా అనుమానం.

మల్టీమీటర్ ఒక కాలు కాంటాక్ట్ మీద, ఇంకోటి వైరు అవతలి కొస మీద పెడితే బీప్ లేదు. గది వెనక నుంచి పోయే వైరు పైకి మామూలుగానే కనపడుతుంది కానీ తొడుగు కొంచెం గీరితే లోపల రాగి మొత్తం నల్లగా, గోటితో అంటే పొడి రాలింది. సెల్ కారితే ఆ ద్రవం గదిలోనే ఆగదు, వత్తిలో నూనె పాకినట్టు వైరు తొడుగులోపలే పాకిపోతుంది, పైన కాంటాక్ట్ ఎంత తోమినా లాభం ఉండదు. నాలుగు సెంటీమీటర్ల కొత్త వైరు, రెండు టంకాలు. అంతే. లైటు పచ్చగా వెలిగింది.

మీటర్ పని చేస్తుందో లేదో చూడ్డానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. ఏ మీద పెట్టి కిటికీ వైపు తిప్పి నొక్కితే టక్. సీడీఎస్ కన్ను మీద బొటనవేలు సగం అడ్డం పెట్టి నొక్కితే ట...క్. పూర్తిగా మూసి నొక్కితే షట్టర్ తెరుచుకుని అట్లనే ఉండిపోయింది, వేలు తీయగానే మూసుకుంది. ఈ కెమెరా ఆటోలో సెకనులో వెయ్యో వంతు నుంచి పది సెకన్ల దాకా పోగలదు, ఆ సాగడం చెవికి తెలుస్తుంది. తర్వాత గోడ మీద, నీడలో, ఎండలో నా డిజిటల్ కెమెరాతో పోల్చి చూసుకున్నా, అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) తేడా లోపలే ఉంది. నలభై ఏళ్ళు దాటిన సీడీఎస్ సెల్‌కి ఇది చాలా ఎక్కువ, చీకట్లో బీరువాలో ఉండటమే దాన్ని కాపాడింది అనుకుంటా.

మిగిలింది ఫోకస్ రింగ్. బంకలో తిప్పినట్టు కదులుతోంది, పాత గ్రీజు గట్టిపడి. జూమ్ పర్వాలేదు. లెన్స్ లోపల ఫంగస్ లేదు, మన కడప పొడి గాలికి ఆ బాధ తక్కువ, సముద్రం పక్క ఊళ్ళ నుంచి వచ్చే కెమెరాల్లో చూస్తుంటా బూజు సాలెగూడు లాగా. 10 గ్రూపుల్లో 12 అద్దాలున్న లెన్స్ ఇది, దాన్ని విప్పే ఆలోచన నాకు లేదు. రింగ్ చిన్న స్క్రూలు మూడు వదులు చేసి, రింగ్ మాత్రం తీసి, ఎండిన గ్రీజు తుడిచి, కొత్తది పల్చగా పూసి బిగించా. షాపులో గోడ మీద క్యాలెండర్ వైపు పెట్టి చూస్తే అంకెలు స్పష్టంగా కనపడ్డాయి. బాగైంది అనుకున్నా. ఇక్కడ ఒక తప్పు చేశా, తర్వాత బయటపడింది.

ఇప్పుడు ఆ కాట్రిడ్జ్. నాకు రిపేరు కన్నా దీని మీదే నిద్ర పట్టలేదు. లేబుల్ మీద కోడాకలర్ 2, 20 ఎక్స్‌పోజర్లు. ఇది సి-41 అనే కలర్ కడిగే ప్రాసెస్‌తో పుట్టిన మొదటి ఫిల్మ్, మొదట 110 కోసమే వచ్చింది, కాబట్టి సిద్ధాంతం ప్రకారం ఇవాళ్టి కలర్ కెమికల్‌లో కడగొచ్చు. కానీ ఇన్ని ఎండాకాలాలు బీరువాలో ఉడికిన ఫిల్మ్‌లో రంగులు నమ్మడానికి లేదు, పొగ పట్టినట్టు ఫాగ్ ఉంటుంది, కలర్‌లో కడిగితే ఆ పొగే వస్తుంది. బ్లాక్ అండ్ వైట్‌లో కడిగితే కనీసం వెండి బొమ్మ దక్కే అవకాశం ఉంది. పిలగాడికి ఫోన్ చేసి "రంగులు రావు, అసలు ఏమీ రాకపోవచ్చు, ఒకసారి కడిగితే ఇంక రెండో చాన్స్ లేదు, మీ నాయన్ని అడిగి చెప్పు" అన్నా. సాయంత్రం ఆ పెద్దాయనే ఫోన్ చేశాడు. "కడుగు నాయనా, ల్యాకుంటే మాత్రం ఏం జేసుకుంటాం దాన్ని."

చీకటి గదిలో కాట్రిడ్జ్‌ని రెండు చేతులతో పట్టుకుని మధ్య వంతెన దగ్గర విరిచా, ప్లాస్టిక్ పట్‌మని విరిగింది. తీయని ఫ్రేములు, అంటే 15 నుంచి 20 దాకా, ఖాళీ భాగం. అది ముందు కత్తిరించుకున్నా. ఎందుకంటే దాని మీద బొమ్మ లేదు, పోయినా నష్టం లేదు, కానీ ఫాగ్ మాత్రం మిగతా ఫిల్మ్‌కి ఎంత ఉందో దీనికీ దాదాపు అంతే ఉంటుంది. ఇంకో సంగతి, ఆ రోజుల్లో కోడాక్ 110 ఫిల్మ్ మీద ఫ్యాక్టరీలోనే ఫ్రేము గీతలూ నంబర్లూ వెలుగుతో అచ్చువేసి ఇచ్చేవాళ్ళు. కడిగితే ఆ గీతలు వస్తాయి. గీత వచ్చి బొమ్మ రాకపోతే నా కెమికల్ పని చేసినట్టే, బొమ్మ లేనట్టు. గీత కూడా రాకపోతే తప్పు నాది. తెలియని ఫిల్మ్ చేతిలో ఉన్నప్పుడు ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు.

బ్లాక్ అండ్ వైట్‌కి 20 డిగ్రీలు కావాలి, ఆ రోజు మా కుళాయి నీళ్ళు 33. ఐస్ గడ్డలు తెచ్చి పెద్ద టబ్బులో వేసి దాంట్లో ట్రే పెట్టి డి-76ని (బొమ్మని తేల్చే డెవలపర్) చల్లార్చుకున్నా. ఒక ముక్క పది నిమిషాలు కడిగితే బొగ్గు లాగా వచ్చింది, గీత ఉందో లేదో తెలీదు. ఇంకో ముక్కకి ఫాగ్‌ని అణిచే పొటాషియం బ్రోమైడ్ కొంచెం కలిపి, టైమ్ ఏడు నిమిషాలకి తగ్గించా. బూడిద రంగు మీద గీత కనపడింది, 17 అనే అంకె కూడా. అదే ఖాయం చేసుకున్నా.

16 ఎంఎం ఫిల్మ్‌కి సరిపోయే రీల్ నా దగ్గర లేదు, మామూలు ట్యాంక్ రీల్ 35 ఎంఎం కన్నా కిందికి రాదు. అందుకని మా మామ 120 అనే వెడల్పు ఫిల్మ్ రోళ్ళు కడిగిన పద్ధతే. రెండు కొసలకి రెండు క్లిప్పులు, చీకట్లో ఆ అడుగున్నర ఫిల్మ్‌ని యు ఆకారంలో వంచి ట్రేలో ముంచి ఒక చెయ్యి పైకి ఒక చెయ్యి కిందికి, ఊయల ఊపినట్టు. తలుపు సందులకి గుడ్డలు కుక్కి ఉంటే లోపల గాలి లేదు, చెమట మోచేతుల మీదగా కారి ట్రేలో పడకుండా మణికట్లకి రుమాళ్ళు కట్టుకున్నా. ఏడు నిమిషాలు నోటితోనే లెక్క, చేతి గడియారం రేడియం ముల్లు కూడా వద్దనుకున్నా. తర్వాత నీళ్ళు, తర్వాత బొమ్మని స్థిరపరిచే హైపో. హైపోలో ఐదు నిమిషాలు అయినాక లైట్ వేశా.

గీతలు అన్నిట్లో ఉన్నాయి. బొమ్మలు తొమ్మిదింట్లో ఉన్నాయి. 11 తర్వాతవి నల్లగా మాడిపోయాయి, పిలగాడి మేనల్లుడు తెరిచినప్పుడు వెలుగు పడింది పై చుట్ల మీదే కదా, లోపలి చుట్లు బతికాయి. చివర్లో కడగడానికి మాత్రం మా బోరు నీళ్ళు వాడలేదు, ఉప్పు మరకలు పడితే ఈ సైజు నెగటివ్‌లో మరక బొమ్మంత కనపడుతుంది, వాటర్ క్యాన్ నీళ్ళతో కడిగి ఆరేశా.

నెగటివ్‌ని డిజిటల్ కెమెరాకి మాక్రో లెన్స్ పెట్టి ఫొటో తీసి చూశా. మొదటి మూడు కువైట్ టవర్స్, గోళాలు తెలిసిపోతున్నాయి, రోడ్డు అవతల నుంచి. 4 నుంచి ఊరు. నిలబెట్టిన నాపబండల ప్రహరీ, దాని ముందు బర్రె, బర్రె పక్కన ఒకామె చంకలో పసిపిల్ల. ఆ ఫొటోలో బండల మీద సున్నం చారలు కూడా లెక్కపెట్టొచ్చు, అంత షార్ప్. అది జూమ్ వెనక్కి ఉన్నప్పుడు తీసింది. టవర్స్‌లో రెండోది దగ్గరికి లాగి తీసింది, దాంట్లో ప్రతి గీత కింది వైపుకి జోడుగా ఉంది, నొక్కేటప్పుడు బాడీ కిందికి కదిలిన గుర్తు. ఊళ్ళో తీసిన వాటిలో కూడా దగ్గరికి లాగినవన్నీ అట్లనే, వెడల్పుగా తీసినవన్నీ బాగానే.

దీన్నుంచి కెమెరా గురించి నాకు చాలా తెలిసింది. ఫ్రేముల మధ్య ఎడం సమానంగా ఉంది కాబట్టి వైండింగ్ బాగుండేది. ఎడారి ఎండలో తీసినవీ ఇంటి అరుగు నీడలో తీసినవీ దాదాపు ఒకే సాంద్రతలో ఉన్నాయి కాబట్టి మీటర్ అప్పుడే బాగుండేది, పాడైంది తర్వాత సెల్స్ కారినప్పుడు. ఇంక ఆ షేక్ రిపేరుతో పోయేది కాదు, వాడకంది. 110 నెగటివ్‌ని మామూలు పోస్ట్‌కార్డ్ సైజుకి పెంచాలంటే తొమ్మిది రెట్లు పెంచాలి, 35 ఎంఎం అయితే నాలుగు రెట్లు చాలు. చెయ్యి వణుకు కూడా తొమ్మిది రెట్లు పెరుగుతుంది. జూమ్ పెడితే దాని మీద ఇంకో రెండింతలు. అందుకే ఇట్లాంటి కెమెరాలో షట్టర్ టకటకా కొట్టిందని చేతికివ్వడానికి లేదు, ఫిల్మ్ మీద చూడందే రిపేరు అయినట్టు కాదు.

కొత్త ఫిల్మ్ దొరుకుతుంది, ఫ్యూజీ వాళ్ళు 2009లో ఆపేసినా 2012 నుంచి లోమోగ్రఫీ మళ్ళీ చేస్తోంది. టైగర్ అనే 200 స్పీడు కలర్ ఒకటి తెప్పించా. 110 కాట్రిడ్జ్ కొసన ఒక అంచు ఉంటుంది, దాని పొడుగును బట్టి కెమెరా ఇది తక్కువ స్పీడా ఎక్కువ స్పీడా అని తెలుసుకుంటుంది, రెండే రెండు మెట్లు. 200ని అది 100 అనుకుంటే ఒక స్టాప్ ఎక్కువ వెలుగు పడుతుంది, కలర్ నెగటివ్‌కి అది మేలే. 400 అనుకుంటే మాత్రం తక్కువ పడుతుంది, కాంపెన్సేషన్ (వెలుగు పెంచి తగ్గించే సెట్టింగ్) తిప్పుకోవాలి. వెనక కిటికీ మీద నల్ల టేపు వేశా, మన ఎండకి ఆ కిటికీ నుంచి ఫిల్మ్ మీద మచ్చలు పడటం చూసి ఉన్నా.

ఆదివారం పిలగాణ్ణి వెంటబెట్టుకుని జమ్మలమడుగు మీదుగా గండికోట పోయాం. మాధవరాయ గుడి గోపురం, ధాన్యాగారం, మసీదు తోరణాలు, తర్వాత అంచుకి పోయి కింద పెన్నా లోయ. ప్రతిదీ రెండు సార్లు, 25లో ఒకటి 50లో ఒకటి, పుస్తకంలో రాసుకుంటూ. కొన్ని ఎక్స్ మీద, బ్యాటరీలు తీసేసి కొట్టించా. నేను మొదటి మోడల్‌ని ఇష్టపడతా అన్నది దీనికే, 200 ఫిల్మ్‌కి మన మిట్ట మధ్యాహ్నం ఎండలో ఎఫ్ 16 దగ్గర 150వ వంతు అంటే ఎక్స్‌పోజర్ కుదిరిపోతుంది, సెల్స్ అయిపోయినా ఫొటో ఆగదు. అయితే ఇంత చిన్న ఫ్రేముకి ఎఫ్ 16 అంటే బొమ్మ కొంచెం మెత్తబడుతుంది, సెల్స్ ఉన్నంతసేపు ఆటోలో ఎఫ్ 8 నయం.

కలర్ కడగడానికి 38 డిగ్రీలు, మూడుంబావు నిమిషాలు. మిద్దె మీద ట్యాంక్ నీళ్ళే 36 ఉన్నాయి, రెండు డిగ్రీలు వేడి చేస్తే చాలింది. రోల్ చూస్తే ఎక్స్‌పోజర్లు అన్నీ బాగున్నాయి. గోపురం రెండింటిలోనూ షార్ప్. లోయ 25లో బాగుంది, 50లో మాత్రం రాళ్ళు మెత్తగా, పిండి చల్లినట్టు. షేక్ కాదు, జోడు గీత లేదు. దగ్గరివి బాగుండి దూరంవి పోయాయి అంటే ఇన్ఫినిటీ (అన్నిటికన్నా దూరం) దాకా ఫోకస్ పోవట్లేదు. నేను రింగ్ తిరిగి బిగించినప్పుడు ఆగే చోటు వెంట్రుక వాసి ముందే పడింది, షాపులో పన్నెండు అడుగుల క్యాలెండర్ మీద చూసి సరిపెట్టుకున్నా కాబట్టి నాకు తెలీలేదు. 25 దగ్గర షార్ప్‌గా కనపడే లోతు ఎక్కువ కాబట్టి అది దాచిపెట్టింది. దూరం వస్తువు మీద చూడకుండా ఫోకస్ రింగ్ బిగించడం నా తప్పే, పిలగాడికి అట్లనే చెప్పి ఇంకో వారం అడిగా.

ఈసారి అయిపోయిన టైగర్ కాట్రిడ్జ్‌ని తీసుకుని వెనక భాగం కత్తితో కిటికీలా కోశా. ట్రేసింగ్ పేపర్ 16 ఎంఎం వెడల్పు కోసి, ఫిల్మ్ నడిచే గాడిలోనే దూర్చా. బాడీ మీద కొలిచే కన్నా ఇదే సరి, ఎందుకంటే 110లో వెనక నుంచి ఫిల్మ్‌ని నొక్కి పట్టే ప్లేటు ఉండదు, ఫిల్మ్ ఎక్కడ నిలబడాలన్నది కాట్రిడ్జే చెప్తుంది. దాన్ని కెమెరాలో పెట్టి, బి మీద బటన్ నొక్కి పట్టుకుని, మిద్దె ఎక్కి పాలకొండల వైపు తిప్పి, తల మీద నల్ల గుడ్డ కప్పుకుని చిన్న భూతద్దం లాంటి లూప్‌తో చూశా. కొండ మీద గుట్ట అంచు పొగలాగా ఉంది. 50లో పెట్టి, స్క్రూలు వదులు చేసి, రింగ్ ఒక పిసరు తిప్పితే అంచు గీత గీసినట్టు నిలబడింది. బిగించా. 25కి పోయి చూశా, మళ్ళీ 50కి వచ్చి చూశా, మధ్యాహ్నం ఎండ దిగినాక ఇంకోసారి చూశా.

రెండో రోల్ తీయడానికి పెద్దాయన కూడా వచ్చాడు, కొడుకు బండి మీద. కెమెరా చేతికిస్తే వెంటనే జూమ్ ముందుకి లాగి కంటికి పెట్టుకున్నాడు. "దీన్ని కొన్యదే దాని కోసరం నాయనా, దూరంది దగ్గరికొస్తాదని." ఆయన మోచేతులు రెండూ కౌంటర్ మీద ఆనించి, ఊపిరి వదిలినాక నొక్కమని చెప్పా, ఎల్ఈడీ షేక్ హెచ్చరిక వెలిగితే వెనక్కి రమ్మని చెప్పా. "అప్పుడు ఎవురూ చెప్పల్యా" అన్నాడు. ఆ రోల్‌లో 50లో తీసినవి పదకొండు, తొమ్మిది నిలబడ్డాయి, కూడలి అవతల షాపు బోర్డు మీద చిన్నక్షరాలు చదవొచ్చు.

సిల్వర్ ఆక్సైడ్ సెల్స్ వేసి ఇచ్చా, ఆల్కలైన్ కన్నా వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటుంది. వాడనప్పుడు తీసేయమని ఒక చిన్న డబ్బా కూడా ఇచ్చా, డబ్బా కెమెరా బెల్టుకే కట్టి. పాత నెగటివ్ తొమ్మిది ఫ్రేములు మూడేసి కోసి కవర్లో పెట్టి, ప్రింట్లు తీసి ఇస్తే పెద్దాయన బర్రె పక్కన ఉన్న ఫొటో తీసుకుని బొటనవేలితో ప్రహరీ బండల వైపు చూపించి, ఆ గోడ పోయిన సంవత్సరమే కొట్టేసినామని కొడుకుతో అన్నాడు, ఆ ఒక్కటి పెద్ద సైజు చెయ్యమన్నాడు. ఎనిమిది బై పది దాకా పోవచ్చు, గ్రెయిన్ వస్తుందని చెప్పా. రానీ అన్నాడు.